కొంగు చుట్టిన వేలు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోఠికి ఆరంటే ఆరు నిమిషాల్లో ఆటో తోలిన మొనగాడు ఈ భూమ్మీద ఒక్కడే: ఎల్బీనగర్ జంగయ్య!

ఆ రోజు బండిలో ఉన్నది సవారీ కాదు. ఆయన అయిదేళ్ల బిడ్డ సైదమ్మ.

పొద్దున ఇసుక కుప్పల మీద ఎగిరిన పిల్ల, మధ్యాహ్నానికి నిప్పులా కాలిపోయింది. పడుకోబెడితే ఊపిరాడక లేచి కూర్చుంటోంది. ముందుకు వంగి, గదుమ చాచి, ఉమ్మి మింగలేక చొంగ కారుస్తోంది. మాట ముద్ద ముద్దగా వస్తోంది. దగ్గు మాత్రం లేదు.

పెండ్లాం నాదర్‌గుల్‌లో తల్లిగారింటికి పోయింది. ఇంట్లో జంగయ్య ఒక్కడే.

"కొండనాలుక జారింది. దిల్‌సుఖ్‌నగర్ల సోమమ్మ ఉప్పద్దిన ఏలుతోటి లేపుతది, తోల్కపో" అన్నారు పక్కింటోళ్లు.

సోమమ్మను జంగయ్య ఎన్నడూ చూడలేదు. పెంకుటింటి వాకిట్లో గిన్నెలు తోముతున్న ముసలామె తలెత్తింది. పిల్లను చూడగానే చేతిలో గిన్నె జారిపోయింది.

"ఎప్పటిసంది గిట్ల వంగి కూసుంటుంది?"

"పగటీలిసంది. జర కొండనాలుక లేపవ్వా!"

"నేను ముట్ట."

"నీ పేరు జెప్పుకొని ఊర్లకు ఊర్లే ఒస్తరంట గద!"

"ముట్టనంటిని గద! నువ్వు గూడ నోట్ల ఏలు పెట్టకు. నీళ్లు పొయ్యకు. పండబెట్టకు. ఏడిపియ్యకు. దవాఖానకు తోలు, జల్ది!"

అంటూనే ఆటో ఎక్కి, పిల్లను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుంది.

"చాతగాదని చెప్పరాదు, ముసల్దానా!" అని తిట్టుకుంటూ బండి ఉరికించాడు జంగయ్య.

వెనక పిల్ల ఊపిరి గుర్రు గుర్రుమంటోంది. ఇంజను చప్పుడులో అది వినబడనప్పుడల్లా ఆయన వెనక్కి తిరుగుతున్నాడు.

"బిడ్డా! సైదమ్మా!"

"ఎనకకు చూడకు. తొవ్వ చూడు. పిల్లను నేను చూస్త."

అద్దంలో చూశాడు. ముసలామె ఎడమచేత్తోనే పిల్లను పొదివి పట్టుకుంది. కుడిచేతిని కొంగులో చుట్టి, తొడ కింద దాచుకుంది.

"రెండు చేతులతోటి పడితే అరిగిపోతవా?"

ఆమె ఆ చేతిని ఇంకా లోపలికి దూర్చుకుంది.

మలక్‌పేట బ్రిడ్జి కింద గుర్రు సన్నబడింది. పిల్ల పెదాలు నీలమెక్కాయి. జంగయ్య హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు.

కోఠి దవాఖానలో డాక్టరు పిల్లను నోరు తెరవమనలేదు. అలా కూర్చోబెట్టే ఆపరేషన్ గదికి తీసుకుపోయాడు. మత్తిచ్చి, గొంతులో గొట్టం వేసి, ఊపిరి నిలబెట్టాడు.

"కొండనాలుక కాదయ్యా. కింద, ఊపిరిగొట్టం మీద మూతలాంటిది ఉంటుంది. అది వాచింది. ఎవరైనా వేలు పెట్టుంటే దారి పూర్తిగా మూసుకుపోయేది. కూర్చోబెట్టి తీసుకొచ్చిన తెలివి ఎవరిది?"

జంగయ్య వెనక్కి తిరిగాడు. బెంచీ ఖాళీగా ఉంది.

పిల్ల ఇంటికొచ్చాక, కాళ్ల మీద పడదామని చీర పట్టుకొని పోయాడు. పెంకుటిల్లు లేదు. అక్కడ కొత్త బిల్డింగుకు పునాదులు తవ్వుతున్నారు. సోమమ్మ ఎటు పోయిందో ఎవరికీ తెలియదు.

"కొండనాలుక లేపుడా? ఆమె అది బంద్ జేసి పన్నెండేండ్లాయె" అంది ఆ పక్కింటి ఇంద్రమ్మ.

"ఎందుకు బంద్ జేసిందక్కా?"

ఆమె నోరు విప్పేలోగా నా మాటొకటి. ఆ ఆరు నిమిషాలు నేను కోసిన కోతే. జంగయ్య బండి మధ్యలో రెండుసార్లు మొరాయించింది, పట్టింది అరగంట. ఇంద్రమ్మ చెప్పిన ముక్క మాత్రం కోత కాదు:

"ఆఖరుసారి ఆ ఏలు పెట్టింది తన బిడ్డ గొంతులనే, తమ్మీ."