ఒక్కటే వెచ్చని పెట్టె

పాలు కాచాలి. బోన్లు కడగాలి. తాబేలు కాలికి కట్టు మార్చాలి. తను వచ్చేలోగా వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ పెట్టెలోంచి లకుముకి పిట్టను తీసెయ్యాలి. డాక్టరమ్మ ఫోన్లో చెప్పిన పనులివి.

ఆయా అన్నీ చేసింది. ఆఖరిదానికే చేతులు రాలేదు.

"ఇంకా తియ్యలేదా అక్కా?" జంతువుల ఆసుపత్రి గుమ్మంలోనే అడిగింది డాక్టరమ్మ. ఆమె చేతుల్లో వానకు తడిసి ముద్దయిన కోతిపిల్ల. తల్లి కరెంటు తీగకు తగిలి పోయింది.

"ఈ పిట్ట ఇప్పుడిప్పుడే కళ్ళు తెరుస్తోందమ్మా. బయట పెడితే చలికి పోతుంది."

"రెండో పెట్టె రిపేరులో ఉంది, నన్నేం చెయ్యమంటావు? ఈ జాతి కోతులు అడవి మొత్తానికి గుప్పెడు మిగిలాయి. లకుముకులంటావా, ఏ వాగు దగ్గర చూసినా ఉంటాయి."

"వాగు దగ్గరివి వేరే పిట్టలు కదమ్మా. ఇది ఇదొక్కటే."

డాక్టరమ్మ పాలసీసా అందుకుంది. పాలు పట్టబోతే కోతిపిల్ల మూతి తిప్పేసుకుంది. తల్లి బదులు పట్టుకోమని ఇచ్చిన తువాలు తోసేసింది. గొంతు పోయేలా ఏడుస్తూనే ఉంది.

"సాయంత్రంలోగా నాలుగు చుక్కలైనా తాగకపోతే దీనిమీదా ఆశ వదులుకోవాల్సిందే."

"మధ్యలో అట్ట పెట్టి రెండిటినీ ఉంచితేనో?"

"అలా ఉంచకూడదక్కా."

"మీరు భోజనానికెళ్ళి రండమ్మా. మీరు చూడలేదు, నేను చెప్పలేదు."

డాక్టరమ్మ పెట్టె వంక చూసింది, ఆయా మొహం చూసింది. భోజనానికి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి గదిలో ఏడుపు లేదు. ఆమె గబగబా పెట్టె వైపు నడిచింది. పెట్టెకు అడ్డంగా ఆయా నిలబడి ఉంది. చేతిలో ఖాళీ పాలసీసా.

"తాగిందా?"

"మొత్తం తాగిందమ్మా. పడుకుంది."

"బతికించావక్కా. మరి నీ కళ్ళల్లో ఆ నీళ్ళెందుకు?"

ఆయా పక్కకు జరిగింది. లోపల అట్ట పడిపోయి ఉంది. కోతిపిల్ల లకుముకిని రెండు చేతులతో గుండెకు అదుముకుని నిద్రపోతోంది. వేళ్ళ సందులోంచి నీలి రెక్క ఒకటి వేలాడుతోంది.

"నేను పాలు వెచ్చబెట్టుకొచ్చేసరికే పట్టేసుకుందమ్మా. విడిపించబోతే ఇంకా బిగించింది. అప్పుడే సీసా అందుకుని తాగడం మొదలెట్టింది. ఆ తాగడం ఆపలేకపోయాను."

చదివేవారికి ఒక మనవి. ఎప్పుడైనా ఆ అడవిలో, మిగిలిన గుప్పెడు కోతుల్లో ఒకటి కొమ్మ మీద గెంతుతూ కనబడితే, దానికి ఒక పూట తల్లయి ఆ కౌగిలిలోనే ఊపిరాడక పోయిన మామూలు పిట్టను గుర్తు చేసుకోండి.