ఆకుపచ్చ పెట్టెలో చీటీ

నేత కార్ఖానాలో మార్కండేయ స్వామి పటం కింద గోడకు ఆకుపచ్చ రేకు పెట్టె బిగించారు. పైన సన్నటి చీలిక, కింద తాళం.

పూణేలో పెద్ద చదువు చదివి వచ్చిన యజమాని కొడుకు చిన్న మాలక్, సాంచాలనే మరమగ్గాలన్నీ ఆపించి, నేతగాళ్లను దాని ముందు నిలబెట్టాడు.

"ఇది కార్ఖానా గాదు, మన ఇల్లు. మన తీరు మారితెనే మాల్ మంచిగొస్తది. మనసుల ఏమున్నా బిందాస్ రాసి ఈ పెట్టెల ఎయ్యుండ్రి. మంచి మాట చెప్పినోని ఫోటో గోడకు పెడ్త."

అందరూ తలలూపి, అటు తిరిగి నవ్వుకున్నారు.

పెంటప్ప నవ్వలేదు. అతనికి ఆ మాట మనసుకు పట్టింది.

పక్క సాంచా సిద్ధరాములుది. ఇరవై ఏళ్లుగా పక్కపక్కనే పని. మూడేళ్లుగా సిద్ధరాములుకు తెగిన పోగు కనబడటం లేదు.

సాంచాల చప్పుడులో కేక వేసినా వినబడదు. అందుకే చద్దర్‌లో కుడిపక్క పోగు తెగితే పెంటప్ప కుడిచెయ్యి ఎత్తేవాడు. ఎడమపక్కయితే ఎడమచెయ్యి. సిద్ధరాములు సాంచా ఆపి, వేళ్లతో తడిమి ముడి వేసేవాడు.

ఇది మూడో కంటికి తెలియదు.

ఆ సాయంత్రం పెంటప్ప కూతురు యశోదను కూర్చోబెట్టి చీటీ రాయించాడు.

"సిద్ధరామన్నకు నజర్ తగ్గింది. తెగిన పోగు నేనే సూసి చెప్తున్న. ఆయన సాంచా మీద ఒక ట్యూబ్‌లైటు పెట్టుండ్రి... కింద నా పేరు రాయి బిడ్డా."

"పేరెందుకు నాయినా?"

"మనింట్ల మనకు భయమేంది?"

పిచ్చి మారాజు, నిజంగానే నమ్మాడు.

సోమవారం పొద్దున పెట్టె తెరిచారు. మధ్యాహ్నానికి సిద్ధరాములును ఆఫీసులోకి పిలిచారు. తిరిగి వచ్చి, మేకుకున్న చొక్కా తీసి తొడుక్కున్నాడు.

"పని బంద్ జెయ్యమన్నరు తమ్మీ. నాకు కండ్లు కానొస్తలేవని ఎవడో చెప్పిండట."

పెంటప్ప తన సాంచా వైపు తిరిగి, తెగని పోగునే తడుముతూ నిలబడ్డాడు.

ఆయన గేటు దాటాక ఆఫీసుకు పరుగెత్తాడు.

"లైటడిగిన మాలక్. మనిషిని తీసెయ్యమనలే."

చిన్న మాలక్ అతని భుజం తట్టాడు. "నీ అసుంటోళ్లే గావాలె పెంటప్పా. లైటు సుత పెట్టిస్త."

అన్నట్టే పెట్టించాడు. దాని కింద కొత్త మనిషి నిలబడ్డాడు. ఆ పక్క గోడ మీద, చిన్న మాలక్‌తో చెయ్యి కలిపిన పెంటప్ప ఫోటో.

శనివారం సిద్ధరాములు మరిచిపోయిన టిఫిన్ డబ్బా కోసం వచ్చాడు. తన పాత సాంచా దగ్గర ఆగి తలెత్తి చూశాడు. పెంటప్ప చెవి దగ్గరికి వంగాడు.

"లైటు పెట్టిండ్రా? మంచి పనైంది."

తర్వాత గోడకేసి కళ్లు చిట్లించాడు.

"గా ఫోటో ఎవరిది తమ్మీ?"

సాంచాలు దడదడమంటూనే ఉన్నాయి.

పెంటప్ప ఏ చెయ్యీ ఎత్తలేదు.