వెనక గుమ్మం

"మా ఇంటికి పోతానమ్మా, పొద్దుపోతోంది," అంది అత్తయ్య, చేతిసంచీ చంకన పెట్టుకుని.

కోడలు తలుపుకు అడ్డంగా నిలబడింది. "ఇదే మన ఇల్లు అత్తయ్యా. ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నారు."

"నన్ను మాయ చెయ్యకు. మా గుమ్మానికి పచ్చ రంగు ఉంటుంది."

నెల రోజులుగా రోజూ ఇదే రభస. ఏడాది కిందట భర్త గుండెపోటుతో పోయాక కోడలు గడప దాటలేదు. సరుకులు ఫోన్ చేస్తే వచ్చేవి. కుట్టుమిషను మీద దుప్పటి కప్పేసింది. అది చాలదన్నట్టు ఇప్పుడీ మతిమరుపు. డాక్టరు దగ్గరికి పదమంటే అత్తయ్య మంచంకోడు పట్టుకుని వదలదు.

పచ్చ రంగు అనగానే కోడలికి ఏదో తట్టింది. వెనక తలుపు పచ్చదే. చెప్పులు వెతుక్కుంది.

"పదండి, మీ ఇంట్లోనే దిగబెడతాను."

ముందు గుమ్మంలోంచి బయటపడి, నాలుగు వీధులు చుట్టి, సందులోంచి వెనక గుమ్మానికి తీసుకొచ్చింది. లోపలికి అడుగుపెట్టగానే అత్తయ్య హాయిగా ఊపిరి పీల్చుకుంది.

"అమ్మయ్య! ఇల్లు చేరాను. నువ్వూ కాస్త కూర్చుని వెళ్ళమ్మా."

కోడలికి నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో.

మర్నాడు కొత్త పేచీ. "ఇది మా ఇల్లేనా? కిటికీకి పూల పరదా ఉండాలే?"

ఇంట్లో పూల పరదా లేదు. ఒక పాత పూల చీర ఉంది. దుప్పటి తీసి, మిషనుకు నూనె వేసి, చీరను పరదాగా కుట్టింది. మిగిలిన గుడ్డతో అత్తయ్యకో సంచీ. మిషను చప్పుడుకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఆయన ఆ పక్కనే కూర్చుని పేపరు పైకి చదివి వినిపించేవాడు.

ఇక రోజూ సాయంత్రం అలా వీధులు చుట్టి రావడం అలవాటైంది. ఆ నడకల్లో కోడలు నోరు విప్పడం మొదలుపెట్టింది. ఎలాగూ తెల్లారేసరికి అత్తయ్యకు గుర్తుండదు.

"ఆయన చొక్కా ఒకటి ఉతక్కుండా దాచుకున్నానండీ. వాసన పోతోంది. ఏం చెయ్యను?"

అత్తయ్య ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. రోడ్డు ఎగుడుదిగుడుగా ఉందని కాబోలు అనుకుని కోడలు నెమ్మదించింది. అన్నీ మరిచిపోయిన ఈ మనిషి కొడుకేడని మాత్రం ఒక్కసారీ అడగలేదు. తనకూ అలాంటి మరుపు వస్తే బాగుండుననిపించింది.

"మా ఇంటికి బట్టల కొట్టు మీదుగా వెళ్ళాలి," అంది అత్తయ్య ఇంకో రోజు. సరేనని అటే నడిచారు. కొట్టావిడ అత్తయ్య చేతిలోని పూల సంచీని తిప్పి తిప్పి చూసింది.

"ఎవరు కుట్టారిది?"

"నేనేనండీ."

"మా దగ్గర ఆల్టరేషన్లకు మనిషి లేదు. పొద్దుటిపూట వస్తావా?"

"మా అత్తయ్యను చూసుకోవాలి..." అని కోడలు నీళ్ళు నమిలింది. ఆ సంగతి తెలిసి పక్కింటి పిన్నిగారే ముందుకొచ్చారు. "నేను కూర్చుంటాలే. వెళ్ళవే తల్లీ!"

సోమవారం పొద్దున కోడలు ఇస్త్రీ చీర కట్టుకుని, టేపు, కత్తెర సంచీలో వేసుకుంది. గుమ్మంలో ఆగింది.

"వెళ్ళొస్తాను అత్తయ్యా. సాయంత్రం మీ ఇంటికి తీసుకెళ్తాను, సరేనా?"

"ఎవరమ్మా నువ్వు? జాగ్రత్తగా వెళ్ళు."

కోడలు మలుపు తిరిగేదాకా అత్తయ్య కిటికీ దగ్గరే నిలబడింది. పిన్నిగారు టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళారు. అత్తయ్య పమిటకొంగుతో కళ్ళు ఒత్తుకుని, ఫోన్ తీసి, తడుముకోకుండా పది అంకెలూ నొక్కింది. అవతల చెల్లెలు పలికింది.

"ఇక ఈ మతిమరుపు మానేస్తానే, చెల్లీ."