పడవ మీద క్రేను

"మళ్ళీ ఏం తగిలించావురా దానికి?"

కుర్చీలోంచే మెడ చాచి అడిగాడు బావ.

బల్ల మీద మూరెడు పొడవు పడవ. రేవులో పెద్ద ఓడలను లాగే పడవకు నమూనా. దాని చుట్టూ స్క్రూలు, సన్నటి వైర్లు, గోరంత పళ్ళచక్రాలు. రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణం కట్టేసి, బావమరిది రోజూ సాయంత్రం నేరుగా అక్క ఇంటికే వస్తాడు. వచ్చాక ఆ పడవను వదలడు.

మొదట్లో అందులో కదిలేది వెనకున్న చిన్న పంకా ఒక్కటే. బావమరిది పైన రాడార్ బిగించాడు. రిమోట్‌లో ఎడమ లివరును ఎటు నెట్టినా చాలు, గిర్రున తిరిగేది. బావ ముచ్చటపడ్డాడు. అక్కడితో ఆగితే బావమరిది ఎందుకవుతాడు? తర్వాత జెండా పెట్టాడు. లివరు నెట్టి పట్టుకున్నంతసేపే అది పైకి లేచి ఉంటుంది, వదిలితే జారిపోతుంది. ఆ తర్వాత నీళ్ళు చిమ్మే గొట్టం. లివరు ఎంత జరిపితే అంతే తిరుగుతుంది, వెంట్రుకవాసి ఎక్కువైనా ఎదుటివాడి చొక్కా తడుస్తుంది. ఆ చొక్కా ఎక్కువగా బావమరిదిదే.

"క్రేను బావా. ఇదిగో మోటారు, ఇదిగో దారం, చివర కొక్కెం. లివరు పక్కకు జరిపితే క్రేను తిరుగుతుంది. పైకీ కిందకీ జరిపితే కొక్కెం లేస్తుంది, దిగుతుంది."

"ఏ లివరు?"

"ఎడమదే. ఏది కదలాలో స్విచ్చుతో మార్చుకోవడమే."

"అన్నీ దాని నెత్తినే రుద్దకపోతే, కుడిదాని మీద పెట్టొచ్చుగా!"

"కుడిదాంట్లో చుక్కాని, వేగం ఉన్నాయి. ఖాళీ ఎక్కడుంది? జీవితమంతా బస్సు నడిపినవాడివి, గేరు వెయ్యడం మర్చిపోయావా ఏంటి?"

"నా బస్సుకు కొక్కెం లేదురా."

"ఉంటే బాగుండేది. స్టాపులో ఆపకుండా వెళ్ళినప్పుడల్లా జనం పట్టుకు లాగేవాళ్ళు."

బావ పక్కనున్న దిండు విసిరాడు. గురి తప్పలేదు.

అసలు గొడవంతా పార్కులో మొదలైంది. అక్కడి కొలనులో ఆదివారాలు ఇలాంటి పడవలన్నీ చేరతాయి. పళ్ళ డాక్టరు పడవకు క్రేను ఉంది. నీళ్ళలో తేలే చెక్క మీది చిన్న పెట్టెను ఎత్తి గట్టున పెట్టేసరికి అందరూ చప్పట్లు కొట్టారు. బావమరిదికి నోరు ఊరుకోలేదు.

"వచ్చే నెలకల్లా మా బావ ఇంతకంటే నాజూగ్గా ఎత్తుతాడు. ఎత్తకపోతే మీసం తీసేస్తాడు!"

పందెం కాసింది బావమరిది. మీసం బావది.

అది మామూలు మీసం కాదు. డిపోలో కొత్త కండక్టర్లు దానికే ముందు నమస్కారం పెట్టేవారు.

"అది పోతే నేను ఇంట్లో ఎవరో పరాయి మగాడితో ఉన్నట్టుంటుంది" అంది అక్క. నవ్వుతూనే అంది కానీ, తమ్ముణ్ణి వంటింట్లోకి లాక్కెళ్ళి గొంతు తగ్గించింది. "ఎందుకురా ఆయన్ని సతాయిస్తావు? కుదరనివి పెట్టి నలుగురిలో నవ్వులపాలు చెయ్యడం కాకపోతే?"

"కుదరదని నేననలేదుగా అక్కా."

వసారాలో పెద్ద ప్లాస్టిక్ తొట్టె నింపి సాధన మొదలుపెట్టారు. అగ్గిపెట్టె ఎత్తాలి. కొక్కెం అగ్గిపెట్టెను తప్ప అన్నిటినీ పట్టుకుంది. తొట్టె అంచును పట్టుకుంది, పడవ జెండాను పట్టుకుంది, ఓసారి అక్క చీర కొంగునూ పట్టుకుంది.

బావ ఉపాయం కనిపెట్టాడు. కుడి బొటనవేలితోనే రెండు లివర్లూ ఆడించబోయాడు. కుడి లివరు వదిలిన మరుక్షణం పడవ గుండ్రంగా తిరిగి తొట్టె గోడకు గుద్దుకుంది.

"దొంగాటలు ఆడకు బావా. పడవను నిలబెట్టేది ఒకటి, ఎత్తేది ఇంకొకటి. రెండూ ఒకేసారి పనిచెయ్యాలి."

"నీ లివరు బిగుసుకుపోయిందిరా!"

"అయితే నూనె వేసి తెస్తా."

తెచ్చాడు. ఇంకాస్త బిగించి తెచ్చినట్టే ఉంది. బావ తిట్టాడు. తిడుతూనే ప్రయత్నించాడు. బావమరిది వెళ్ళిపోయాక కూడా వసారాలోంచి మోటారు రొద వినిపిస్తూనే ఉండేది. అక్క పిలిచినా అన్నానికి లేచేవాడు కాదు. "ఉండవే, మీసం సంగతి తేలనీ!"

పందెం నాటి ఆదివారం వచ్చింది. గాలి విసురుగా ఉంది. పళ్ళ డాక్టరు జేబులోంచి రేజరు తీసి అందరికీ చూపించాడు.

"సబ్బు కూడా తెచ్చాను మాస్టారూ. మొహమాటపడకండి."

"ముందు మీ పేషెంట్లను చూసుకోండి. అరుపులు ఇక్కడిదాకా వస్తున్నాయి" అన్నాడు బావ.

అక్క ఆయన మెడలో రిమోట్ పట్టీ వేసి, దాన్ని చేతుల్లో సర్దింది. పడవ బయలుదేరింది. రాడార్ తిరిగింది. జెండా లేచింది. తేలే చెక్క పక్కన పడవ ఆగింది, గాలి తోసేస్తున్నా అక్కడే నిలబడింది. కొక్కెం దిగింది. తప్పింది. మళ్ళీ దిగింది. పెట్టె పక్కనే నీళ్ళలో మునిగింది.

"సబ్బు కలపమంటారా?" అన్నాడు డాక్టరు.

బావ చూపు కొక్కెం మీదే ఉంది. పెదవి కొరుక్కుంటున్నాడు. కొక్కెం ఆగి ఆగి, దారం దారంగా దిగి, పెట్టె పిడిలో దూరింది. పెట్టె లేచింది. ఊగింది. క్రేను నెమ్మదిగా పక్కకు తిరిగి దాన్ని గట్టు మీద, చప్పుడైనా కాకుండా దించింది.

డాక్టరు రేజరు జేబులో పెట్టేసుకున్నాడు. గట్టు మీదివాళ్ళంతా పెట్టెను చూస్తూ చప్పట్లు కొడుతుంటే, అక్కా తమ్ముడూ మాత్రం, బావకు పక్షవాతం వచ్చాక ఇక కదలదని ఆస్పత్రిలో తేల్చి చెప్పిన ఆ ఎడమ బొటనవేలిని చూస్తూ నిలబడిపోయారు.