పచ్చరంగు కింద

ట్రక్కు కింద నుంచి రెండు పాదాలు బయటికి కనిపిస్తున్నాయి.

ద్రోలిన్ కేక వేసింది. ఆమె తమ్ముడు లాంబోక్ ఇనుప రాడ్డు పట్టుకుని పరుగున వచ్చాడు.

"ఎవడ్రా కింద? బయటికి రా!"

ముసలివాడొకడు వెల్లకిలా పాకుతూ బయటికి వచ్చాడు. మైదానం మనిషి. మోచేతులకు మట్టి. గోళ్ళ నిండా పచ్చ.

"ఏం తాతా, ఆకులు దూసుకుంటూ మా కొండెక్కావా?" లాంబోక్ నవ్వాడు.

ముసలివాడు నవ్వలేదు.

"ఈ బండి మీరేనా కొన్నది?" మా ఖాసీ మాట అతని నోట్లో ముక్కలు ముక్కలుగా పలికింది.

"కొన్నాం. అయితే?"

"బరువు ఎక్కించకండి."

ద్రోలిన్‌కు ఒళ్ళు మండింది. మిలిటరీ వేలంలో కొన్న ట్రక్కు అది. వాకిట్లోకి వచ్చి ఒక్కరోజు కూడా కాలేదు. ఊరంతా వచ్చి, నున్నటి ఆ పచ్చరంగును చేత్తో తడిమి పోయింది. వచ్చినవాళ్ళందరికీ ఆమె తాంబూలం పెట్టింది. మా కొండల్లో వాకిట్లోకి వచ్చినవాడికి వక్కాకు పెట్టలేదంటే, వాణ్ని మనిషిగా చూడలేదనే.

ఇతనికి పెట్టలేదు.

ముసలివాడు వంగి బ్రేకు గొట్టాన్ని గోటితో గీకాడు. రంగు పెచ్చులా ఊడింది. దాని వెంట ఎర్రటి పొడి రాలింది.

"చూడండి. ఇక్కడ ఇనుము లేదు. రంగే పట్టుకుని ఉంది."

చక్రాల దగ్గర గ్రీజు ఎక్కించే చిన్న ఇనుప బుడిపెలు చూపించాడు. అన్నింటి మూతుల మీదా రంగు గట్టిపడి ఉంది.

"గ్రీజు పోయే దారి కూడా లేదు. ఎన్నేళ్ళ నుంచి పట్టించుకోలేదో."

"ఇవన్నీ నీకెలా తెలుసు?"

ముసలివాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"పార్టులమ్మే కొట్టువాడు పంపించాడు, ఇంకెవడు!" అన్నాడు లాంబోక్. "ఊరకే నాన్చకుండా కొట్టు పేరు చెప్పు తాతా."

"ఏ కొట్టూ కాదు బాబూ. గొట్టాలు మార్చేదాకా ఆగండి."

"నేను ఆగుతాను, దుంపలు ఆగుతాయా?" అంది ద్రోలిన్. "రేపు సంత. తప్పితే మళ్ళీ ఎనిమిదో రోజునే. ఈ వానకు గోతాల్లోనే కుళ్ళిపోతాయి."

"దుంపలు మళ్ళీ వేసుకోవచ్చు కాంగ్." అక్కను పిలిచే మా మాటే వాడాడు.

"ఇక నడువు" అన్నాడు లాంబోక్.

నడిచాడు. వాన పడుతోంది. ఎక్కడ పడుకుంటావని అడిగినవాళ్ళు లేరు.

తెల్లవారి బస్తాలు ఎక్కించారు. లాంబోక్ తాళం తిప్పాడు. ఇంజను దగ్గి ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు. దిగి చూస్తే డీజిలు గొట్టం లేదు.

"ముసలోడు!"

వెతకనక్కరలేకపోయింది. రోడ్డు మలుపులో పిట్టగోడ మీద కూర్చుని ఉన్నాడు. బట్టలు ఒంటికి అంటుకుపోయాయి. గొట్టం ఒళ్ళోనే ఉంది.

దొంగ పారిపోకుండా ఇలా కూర్చుంటాడా అని ఒక్కరికీ తోచలేదు.

లాంబోక్ కొట్టాడు. చూడవచ్చిన వాళ్ళూ తలా ఒక దెబ్బ వేశారు. ముసలివాడు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. రెండు చేతులూ గొట్టం మీదే ఉన్నాయి. వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.

"కాంగ్, మీరైనా చెప్పండి. మీ తమ్ముణ్ని ఈ బండిలో పోనివ్వకండి."

"బస్సెక్కించి పంపేయండి" అంది ద్రోలిన్.

బస్సు కదిలింది. వెనక కిటికీలోంచి అతను కొట్టినవాళ్ళను చూడలేదు. ట్రక్కునే చూశాడు.

లాంబోక్ గొట్టం బిగించి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"కాంగ్, సాయంత్రానికి వస్తా. ఎండుచేపల పచ్చడి నూరి ఉంచు. కారం ఎక్కువెయ్యి, పోయినసారిలా పిల్లలకు పెట్టినట్టు చెయ్యకు!"

ఆమె నూరింది.

దిగుడులో బ్రేకు పట్టలేదు.

పోయినవాడు దేవుడి వాకిట్లో కూర్చుని తాంబూలం నములుతుంటాడని మావాళ్ళు అంటారు. ద్రోలిన్‌తో కూడా అన్నారు. పచ్చడి రోట్లోనే ఎండిపోయింది.

లోయలోంచి ట్రక్కును పైకి లాగినప్పుడు ఆమె దగ్గరికి వెళ్ళి చూసింది. ముసలివాడు గోటితో గీకిన చోటే గొట్టం తెగి ఉంది.

వానలు తగ్గాక, వక్కాకు గుడ్డలో మూటకట్టుకుని మైదానంలోకి దిగింది. వేలం యార్డులో ట్రక్కులు వరుసగా మెరుస్తున్నాయి. గేటు దగ్గర కాపలావాడు ఆపాడు.

"ఒక ముసలాయన కోసం వచ్చాను. గోళ్ళు పచ్చగా ఉంటాయి. మిలిటరీ మెకానిక్కు అనుకుంటా."

"మెకానిక్కా?" కాపలావాడు నవ్వాడు. "మెకానిక్కు చెయ్యి పడితే ఈ బళ్ళు ఇలా ఎందుకుంటాయి? సుఖారీ గురించేగా నువ్వడిగేది? పని మానేశాడమ్మా. ఇక్కణ్నుంచి పోయిన బళ్ళ జాడ పట్టుకుని ఊరూరా తిరుగుతున్నాడు. మీ కొండల మీద నుంచి పెదవి చిట్లించుకుని వచ్చాడు. గాయం మానే వరకైనా ఉండరా అంటే వినలేదు. ఇంకో బండి వెనకాల పోయాడు."

"ఇంట్లో వాళ్ళు?"

"ఎవరున్నారు? పెళ్ళాం పోయాక ఆ రేకుల షెడ్డులో ఒక్కడే వండుకు తినేవాడు."

ద్రోలిన్ మూట ముడి విప్పింది. మళ్ళీ వేసింది.

"మరి ఆయనకెందుకు ఈ బళ్ళ గొడవ?"

కాపలావాడు షెడ్డు వైపు చూపించాడు. గోడవార రంగు డబ్బాలు, గట్టిపడిపోయిన కుంచె.

"అమ్మకానికి ముందు తుప్పు కనపడకుండా వాటికి రంగు వేసింది అతనే కదమ్మా."