కొత్త బేసిన్

పాత బేసిన్ కింద నట్టు ఎంత తిప్పినా కదలలేదు.

స్వర్ణలత పానా పక్కన పెట్టి చెమట తుడుచుకుంది.

బేసిన్ పగిలి నీళ్లు గోడలోకి దిగుతున్నాయి. ప్లంబరు రేపు, ఎల్లుండి అంటూ తిప్పుకున్నాడు. బతిమాలడం ఆమెకు చేతకాదు. భర్త నాగేంద్ర ఓ రోజు పొద్దున బండి మీద పులివెందులకు పోయి శవమై తిరిగొచ్చినప్పటి నుంచి మనుషులను ఏదైనా అడగడమే మానేసింది. ప్రొద్దుటూరు నుంచి కొత్త బేసిన్ ఆటోలో తెచ్చుకుంది. ఫోన్లో వీడియో చూసి తనే బిగించాలని కూర్చుంది.

"అమ్మా! నాగేంద్రన్న ఇల్లు ఇదేనా?"

గుమ్మంలో నడివయసు మనిషి. భుజాన సంచి.

"ఇల్లు అమ్మేది లేదు. పోప్పా."

మొగదిక్కు లేని ఇల్లంటే జమ్మలమడుగు బ్రోకర్లకు అలుసు. అందరూ నాగేంద్ర పేరు చెప్పుకుంటూనే గడప తొక్కారు.

"దానికి రాలేదమ్మా..."

ఆమె వినిపించుకోలేదు. పానా గట్టిగా గుంజింది. నట్టు ఊడింది. దాంతోపాటే బేసిన్ గోడను వదిలి మీదికి ఒరిగింది.

అతను సంచి పారేసి ఒక్క ఉరుకున వచ్చి పట్టుకున్నాడు.

"పైలమమ్మా! కాలు నుజ్జయ్యుండేది."

కొత్త బేసిన్ కూడా అతనే ఎత్తిపట్టాడు. ఆమె బోల్టులు బిగించేదాకా దించలేదు. కొళాయి తిప్పితే నీళ్లు ధారగా వచ్చాయి.

"శానా బాగ బిగిచ్చినావమ్మా. సుక్క గూడా కారల్యా."

చాలా రోజుల తర్వాత ఆమెకు నవ్వు రాబోయింది.

"అమ్మా, నాగేంద్రన్న..." అన్నాడతను.

ఆ నవ్వు అక్కడే చచ్చిపోయింది.

"ఆయన పేరెత్తొద్దు! సాయం చేసినావు, సంతోషం. దాన్ని అడ్డం పెట్టుకోని బేరానికి దిగొద్దు."

"ఒక్క మాటమ్మా. చెప్పేసి పోతా."

"అట్లా మాటలు శానా విన్నా. పో!"

అతను కింద పారేసిన సంచి ఎత్తుకున్నాడు.

"నేను మళ్లా వచ్చే వీల్లేదమ్మా," అన్నాడు మెల్లగా.

ఆమె తలుపేసింది.

మధ్యాహ్నం పానా తిరిగిచ్చేందుకు పక్కింటి జువేరియా దగ్గరికి వెళ్లింది.

"ఆయన పోయినాడా అక్కా? ఇల్లు చూపిచ్చింది నేనే."

"తరిమేసినా. ఇంకో బ్రోకరు."

జువేరియా నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"బ్రోకరు యాడక్కా! ఈ పొద్దే కువైట్ పోతాండాడంట. పేరేందో, యా ఊరో, నేనూ అడగకపోతి."

"మరెవరు?"

జువేరియా పానా అందుకోకుండా ఆమె చెయ్యి పట్టుకుంది.

"పులివెందుల దోవలో అన్న పడిపోయినప్పుడు, పానం పోయేదాకా తల ఒళ్లో పెట్టుకోని కూచున్నోడక్కా... అన్న ఆఖరి మాట నీకు తప్ప ఎవురికీ చెప్పనని, నాకు గూడా చెప్పల్యా."