ఊడిన పన్ను

"ఏదీ, నోరు తెరువు!"

మా అమ్మాయి పెదవులు ఇంకా బిగించింది. ఇందాక ఆవులిస్తుంటే చూశాను, ముందు పన్ను లేదు.

"ఎప్పుడు ఊడిందే?"

"మొన్న. నాన్నకి చెప్పా."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు బ్లాగులో పెట్టేస్తావు. పోయినసారి పక్క తడిపానని రాశావుగా. క్లాసులో అందరూ చదివి నవ్వారు."

గుమ్మంలో నిలబడ్డ మా ఆయన తల దించుకున్నాడు. "నా చేత ఒట్టు వేయించుకుంది," అన్నాడు.

సగం రాసిన టపాని అలాగే వదిలేసి లాప్‌టాప్ మూసేశాను.

"ఇదిగో, మూసేశా. ఇక నీ గురించి రాయను. ఇప్పుడైనా చూపించు తల్లీ."

అది నా మొహంలోకి అనుమానంగా చూసింది.

"మనసులో కూడా రాయకూడదు."

"రాయను."

నమ్మింది. నోరు తెరిచింది.

అప్పటికే నాకు మొదటి వాక్యం తట్టేసింది.